ఆరిందని చెప్పిన కార్పెట్టు

“ఆరిందేటే?”

“ఆరిపోనాది. బేగెల్లు.”

నా పెనిమిటీ నేనూ ఆఖరిసారి అనుకున్న మాటలు ఇవే. ఆయన అడిగింది కార్పెట్టు గురించి. కారులో కాళ్ళు పెట్టుకునే చోట కింద పరిచి ఉంటుంది కదా, అది. నేను ఆరిపోయింది, తొందరగా వెళ్ళు అన్నాను. ఆరలేదు. పైపైన ఆరింది గానీ కడుపులో తడి అలాగే ఉంది. అది నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

ఇది రాస్తున్నది మా అన్న కూతురు, నా మేనకోడలు. బళ్ళో పాఠాలు చెబుతుంది. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతకు మించి రాదు. నేను చెబుతూ ఉంటే తను పుస్తకాల్లో ఉన్నట్టు సర్ది రాస్తోంది. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే పెట్టమన్నాను. వాటిని సర్దితే నాకు అక్కర్లేదు.

మాది అరకు లోయలో రోడ్డుకు ఎగువనున్న ఊరు. ఆయన ముందు వేరేవాళ్ళ జీపు తోలేవాడు. తరవాత కొండ దిగువన ఎవరో అమ్మేస్తున్న పాత డబ్బా కారు ఒకటి కొన్నాడు. ముక్కు లేకుండా రొట్టె ముక్కలా ఉండేది, పక్కకు జరిపే తలుపులు. పర్యాటకులు వస్తే గుహల దాకా తిప్పేవాడు. రాని రోజుల్లో అల్లం బస్తాలు, అనాసపళ్ళు, సంతకు పోయే ఆడవాళ్ళు, ఎవరు ఎక్కితే వాళ్ళు. మా అటువైపు ఊళ్ళకు రోడ్డు లేదు. జబ్బు చేసినవాళ్ళను డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చేవారు. రోడ్డు మీద నుంచి ఈయన కారు.

అలా ఒకసారి నిండు నెలల మనిషిని ఎక్కించుకున్నాడు. ఆసుపత్రికి ఇంకా నాలుగు మలుపులున్నాయనగా, ఆ కారులోనే, ఆ కార్పెట్టు మీదే ఆమె ప్రసవించింది. ఆడపిల్ల. తల్లీ బతికింది, పిల్లా బతికింది. ఇంటికొచ్చి ఎంత సంబరంగా చెప్పాడో నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది. పిల్ల ఎంతుందో చూపించడానికి చేతులు ఇలా దోసిలి పట్టి, ఇంతుందే గుంట, ఇంతే, అన్నాడు. నేను కారు తలుపు తీసి చూసి, నీళ్ళు తేవడానికి వెళ్ళాను. బూడిద రంగు కార్పెట్టు మీద వెనక సీటు కింద నుంచి తలుపు దాకా మరక. కుంకుడు పులుసుతో రుద్దాను, బూడిదతో రుద్దాను. ఎర్రదనం పోయి గోధుమ రంగుకు తిరిగింది, అక్కడితో ఆగిపోయింది.

ఆయన ఆ మరకను ఏనాడూ దాచలేదు. ఎవరైనా అడిగితే కథ మొదలుపెట్టేవాడు. నాకే లోపల గుబులుగా ఉండేది. అన్నం తింటూ కూడా నా చూపు కారు మీదికే పోయేది. ఎందుకో చెప్పలేను. మరక అంటే చూసేవాళ్ళకు ఒకటి కనబడుతుంది, విన్నవాళ్ళకు ఇంకొకటి.

నేను భయపడ్డట్టే అయింది. ఆ ఏడు వేసవి చివర్లో హుకుంపేట వైపు నుంచి ఒకాయన వచ్చాడు. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు. ఆయన మేనకోడలికి పార్వతీపురంలో పెళ్ళి. పెళ్ళికూతుర్ని, పెట్టెల్ని తీసుకుని వెళ్ళి, రెండు రాత్రులు అక్కడ ఉండి, మళ్ళీ అందర్నీ తీసుకురావాలి. అంత దూరం కిరాయి మాకు ఎప్పుడూ రాలేదు. మా ఆయన ఒప్పేసుకున్నాడు. నాలుగు రోజులకు ఆ మేనమామే మళ్ళీ వచ్చాడు, వెంట పెళ్ళికూతురి మామ్మ కూడా ఉంది. ఆ ముసలమ్మ మా గుమ్మంలోకి రాలేదు. తిన్నగా కారు దగ్గరకు పోయి తలుపు జరిపి లోపలికి చూసింది.

“ఈ బండిలోనేనంట పురుడు పోసుకున్నారు,” అంది. “తెల్లసీర కట్టిన గుంటని ఈ మరక మీద కాళ్ళెట్టించను. మీరు దేవుడి బిడ్డలేనయ్యా, కాదనను. కానీ ఎట్టించను.”

ఈయన నవ్వాడు. పిల్ల పుట్టిన చోటు కంటే మంచి చోటు ఎక్కడుందమ్మా అన్నాడు. ఆమె నవ్వలేదు. మేనమామ మధ్యలో పడి, పెళ్ళికి ఇంకా పద్దెనిమిది రోజులుంది కదా, ఈలోగా మార్చేయండి, లేకపోతే ఇంకో బండి చూసుకుంటాం అన్నాడు. కొత్త కార్పెట్టు కావాలంటే విశాఖపట్నం వెళ్ళాలి. మాకు అది అయ్యే పని కాదు. మా ఆయన మొహం చూసి నాకు తోచింది చెప్పేశాను. రంగు వేసేద్దాం, నల్లగా వేసేస్తే మరక ఎవరికి కనబడుతుంది అన్నాను.

నా మాటే. అక్కడ నుంచి మొదలు.

మర్నాటి నుంచి పని పట్టాం. కారులో కార్పెట్టు ఊడదీయడం అంటే చాప చుట్టినట్టు కాదు. ముందు సీట్లు తీయాలి. సీటు కాళ్ళకు బోల్టులు, వానకు, బురదకు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. కిరసనాయిలు పోసి ఒక పూట వదిలేసి, తరవాత పానా వేసి తిప్పితే రెండు కదిలాయి, మూడోది కదల్లేదు. పానా జారి ఆయన వేళ్ళ మీద చర్మం లేచిపోయింది. తలుపు దగ్గర మెట్టు మీద ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది, దాని మరలు తీసి పట్టీ విరక్కుండా లేపాలి. గేరు కర్ర చుట్టూ, పెడల్స్ చుట్టూ కంతలు కోసి ఉంటాయి, అక్కడ చిరక్కుండా లాగాలి. నేను ఒక వైపు, ఆయన ఒక వైపు పట్టుకుని లాగితే మేకను ఒలిచినట్టు వచ్చింది.

కింద ఏమేం ఉన్నాయో చెబితే నవ్వుతారు. తలపిన్నులు, చోళ్ళ గింజలు, అనాస ముళ్ళు, చిన్నపిల్ల గాజు ముక్క, కాఫీ గింజలు, ఎవరిదో చెవిదిద్దు. అన్నీ ఏరి డబ్బాలో వేశాడు. దిద్దు ఎవరిదో అడిగి ఇచ్చేయాలన్నాడు. ఇవ్వడానికి కుదరలేదు, అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రేకు రెండు చోట్ల కంత పడి కింద నేల కనబడుతోంది. దానికి తగరం ముక్కలు పెట్టి తారు పూశాడు. కార్పెట్టుకు అడుగున మందంగా పీచు అట్ట అంటుకుని ఉంది, గోనె నలగ్గొట్టి దుప్పటిలా ఒత్తినట్టు. దాని గురించి అప్పుడు నేను ఆలోచించలేదు. రంగు వేసేది పైన కదా అనుకున్నాను.

రంగు వేసే ముందు ఉతకాలి. మట్టి మీద రంగు పట్టదు. మా ఊరి కింద గెడ్డ ఉంది, కొండ మీద నుంచి దిగే వాగు. పగలు అక్కడ ఆడవాళ్ళు నీళ్ళు పడతారు, బట్టలు ఉతుకుతారు. పురిటి మరక ఉన్నదాన్ని అందరి ముందు ఆ నీళ్ళలో ముంచడానికి నాకు మనసు రాలేదు. ఎవరైనా ఏమన్నా అంటారేమోనని. ఈయన, ఎవరంటారే, ఆ నీళ్ళలో అందరి మైలా పోతుంది కదా అన్నాడు. నేను పట్టు పట్టాను. పగలు వద్దు, పొద్దు వాలాక పోదాం, రేవు దగ్గర కూడా వద్దు, దిగువన మడుగు దగ్గరైతే ఎవరూ రారు అన్నాను.

మూడు సాయంత్రాలు వరసగా వెళ్ళాం. ఆ మడుగులో నీళ్ళు పారవు, నిలిచి ఉంటాయి. మోకాళ్ళ లోతున నిలబడి ఒకళ్ళు తొక్కడం, ఒకళ్ళు తాటిపీచు కుంచెతో రుద్దడం. దోమలు మొహం నిండా ముసిరేవి. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి కొట్టుకోవడానికీ లేదు. ఈయన భుజంతో మొహం తుడుచుకుంటూ, సూడు, మనకి పెళ్ళయ్యాక ఇలా ఇద్దరం కలిసి గెడ్డకొచ్చింది ఎప్పుడే అన్నాడు. నేను, బేగి రుద్దు, చీకటి పడిపోతోంది అన్నాను. నాకెప్పుడూ తొందరే. ఇప్పుడు ఆ మూడు సాయంత్రాలను ఎంత మెల్లగా తలుచుకుంటానో.

మొదట సంతలో బట్టలకు వేసే రంగు పొట్లాలు నల్లవి తెచ్చాడు. పాత డ్రమ్మును అడ్డంగా కోసి, పొయ్యి మీద పెట్టి, ఉప్పు వేసి మరిగించి, అందులో కార్పెట్టు ముంచాం. తీసి చూస్తే ఒక చోట బూడిద, ఒక చోట ఊదా. మరక ఉన్న చోట మాత్రం ఇంకా చిక్కగా లేచింది. దాచాలని వేస్తే అదే ముందు కనబడుతోంది. నీళ్ళు పోస్తే రంగు అంతా కారిపోయింది. నాకు ఏడుపొచ్చింది. తెల్ల చీర అంచుకు ఈ రంగు అంటితే ఆ ముసలమ్మ ఏమంటుందో, ఈ చుట్టుపక్కల ఈయన బండి ఇంకెవరైనా ఎక్కుతారా అని. అన్నం కూడా సరిగా తినలేదు.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ ఉన్ని కంబళ్ళకు కరక్కాయతో నలుపు వేసేది. కరక్కాయలు దంచి నానబెట్టిన నీళ్ళు ఒకటి. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం వేసి కుండలో ఊరబెట్టిన నీళ్ళు ఒకటి. రెండూ దేనికది వేరేగా ఉన్నప్పుడు చూస్తే నీళ్ళలాగే ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పడితే కళ్ళముందే నల్లబడిపోతాయి, ఇక సబ్బుకు గానీ ఎండకు గానీ వదలవు. అడవి సరుకు కొనే డిపోలో అమ్మడానికి ఏరిన కరక్కాయలు ఇంట్లో బస్తాడు ఉన్నాయి. ఇనుముకు ఏం లోటు. జీపు కమాను పట్టాలు విరిగినవి పెరట్లో పడి ఉన్నాయి, అవి ముక్కలు చేసి ఇచ్చాడు. కుండ మూతికి విస్తళ్ళు కుట్టే అడ్డాకు కట్టి ఎనిమిది రోజులు ఊరబెట్టాను. ఆ ఎనిమిది రోజులూ గంటకోసారి కుండ దగ్గరికి వెళ్ళడమే నా పని. నురగ వచ్చిందా, వాసన వచ్చిందా అని. ఈయన, కుండని అలా సూత్తే అది సిగ్గుపడి ఊరదే అన్నాడు.

తొమ్మిదో రోజు గుడ్డ ముక్క మీద చుక్క వేస్తే నలుపు తిరిగింది. కార్పెట్టును కరక్కాయ నీళ్ళలో నానబెట్టి, పిండి, సగం ఆరాక, ఇనప నీళ్ళు చీపురుతో చల్లి చేత్తో రుద్దాను. రెండు చేతులతోనూ. మరక ఎక్కడుందో నేనే వెతుక్కునేంత నల్లగా వచ్చింది. నా చేతులు కూడా మోచేతుల దాకా అలాగే అయిపోయాయి, గోళ్ళతో సహా. ఆయన చూసి, ఇప్పుడు నీకు కూడా పెళ్ళికెళ్ళడానికి లేదు, తెల్లసీర పాడైపోద్ది అన్నాడు.

తప్పు ఇక్కడే చేశాను. రంగు వదులుతుందేమోనన్న భయం. మా వైపు ఎవరైనా ఇంటికొచ్చినా, ఇంటి నుంచి పెళ్ళికి పంపించినా కాళ్ళు కడుగుతారు. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళే అయినా కాళ్ళు కడిగే పద్ధతి వదల్లేదు. అంటే పెళ్ళికూతురు తడి కాళ్ళతో ఈ కార్పెట్టు మీద నిలబడుతుంది. అది తలుచుకుని, నీళ్ళు పోసి కడిగాను, కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా. ఆయన మూడోసారికే చాలు అన్నాడు. నేను వినలేదు. ఆరుసార్లు కడిగాను. తెల్లగుడ్డ తడిపి రుద్దితే రంగు రాలేదు. గెలిచాననుకున్నాను. ఆ నీళ్ళన్నీ అడుగున ఉన్న పీచు అట్ట తాగేసిందని నాకు తట్టలేదు.

ఆ సాయంత్రమే ముసురు పట్టింది. మూడు రోజులు ఎండ లేదు. కొండలు కనబడలేదు. పెళ్ళికి వెళ్ళాల్సింది నాలుగో రోజు పొద్దున్న. కార్పెట్టును పొయ్యి పైన అటక మీద పరిచాను, మొక్కజొన్న కంకులు ఆరబెట్టే చోట. కింద నిప్పులు ఆరకుండా కూర్చున్నాను. ఇల్లంతా పొగ. ఒక మూల కమిలి ముడుచుకుపోయింది. వేడి బూడిద గోనెలో పోసి దాని మీద పెట్టి ఒత్తాను. పై నూలు పొడిగా గరగరలాడుతోంది. తిరగేసి చూస్తే అడుగు చల్లగా ఉంది.

వానాకాలం బట్టలు ఆరాయో లేదో చేత్తో చూస్తే తెలియదు. పని చేసిన చెయ్యికి అన్నీ పొడిగానే తోస్తాయి. చెంపకు ఆనించి చూడాలి. ఆ పొద్దున్న నేను కార్పెట్టును చెంపకు ఆనించి చూశాను. గెడ్డలో రాయిని ఆనించినట్టుంది.

ఆయన అప్పటికే సీట్ల బోల్టులు కడిగి గ్రీజు పూసి సిద్ధంగా ఉంచాడు. ఇద్దరం కలిసి పరిచాం అని చెప్పాలని ఉంది గానీ, పరిచింది నేనే. ఆయన చేతులు గ్రీజు. కొత్త నలుపు మీద గ్రీజు చేతులు పెట్టొద్దని నేనే అన్నాను. కాబట్టి ఆయన ముట్టుకోలేదు. నేను పరిచి అంచులు దోపితే, పైనుంచి సీట్లు పెట్టి బిగించాడు. దిగి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, నా మొహంలోకి చూసి అడిగాడు. ఆరిందేటే అని.

నేను అక్కడ రెండు మూడు విషయాలు ఒకేసారి అనుకున్నాను. ఆరలేదంటే మళ్ళీ సీట్లు ఊడదీస్తాడు. కార్పెట్టు తీసేసి తగరం అతుకుల రేకు మీద పెళ్ళికూతుర్ని ఎక్కించుకుంటాడు, ఆ ముసలమ్మ ఎక్కనివ్వదు. పొద్దెక్కేలోపు రాకపోతే జీపు మాట్లాడుకుంటామని మేనమామ ముందే చెప్పాడు. ఇన్ని రోజుల పని, నా పని, నలుగురూ చూడకుండానే పోతుంది. ఇదీ అనుకున్నాను. దాచడం ఎందుకు. నా నలుపు అందరూ చూడాలని నాకు ఉంది.

ఆరిపోనాది, బేగెల్లు అన్నాను.

చొక్కా వేసుకుని వెళ్ళిపోయాడు. మలుపు దగ్గర ఎప్పటిలాగే ఒకసారి హారను కొట్టాడు.

కారు తోలేవాళ్ళు కిరాయి వెళ్ళిన చోట కారులోనే పడుకుంటారు. ఆ సీట్లు ఇరుకు, దొర్లి పడతాడని ఈయన ఎప్పుడూ కిందే, వెనక సీటుకూ ముందు సీటుకూ మధ్యనే ముడుచుకుని పడుకునేవాడు. కార్పెట్టు మీద. ఇది నాకు తెలియని సంగతి కాదు. ఆయన వెళ్ళిపోయాక, చేతులు రుద్ది కడుక్కుంటూ ఉంటే గుర్తొచ్చింది. ఆ నీళ్ళ దగ్గరే కూర్చుండిపోయాను. వాన పడుతూనే ఉంది. రెండు రాత్రులు ఆ తడి మీద పడుకుంటాడు. ఎవరితో కబురు పెట్టను, ఏమని పెట్టను. నేను అబద్ధం చెప్పాను, దాని మీద పడుకోవద్దు అని చెప్పమననా. మర్నాడు రోడ్డు మీదికి వెళ్ళి ఫోను బూత్ దాకా పోయి, పార్వతీపురం ఫోను నెంబరు ఏదీ నా దగ్గర లేదని గుర్తొచ్చి తిరిగొచ్చాను. మళ్ళీ ఇంకోసారి వెళ్ళాను.

మూడో రోజు ఆ బూత్ నుంచే మనిషి వచ్చాడు. మీ ఆయనకు జ్వరం, పార్వతీపురం ఆసుపత్రిలో పెట్టారు, రమ్మంటున్నారు అని. మిట్టమధ్యాహ్నం పూట. ఎవరైనా జ్వరం అంటే ఎలా వచ్చిందని అడుగుతారు. నేను అడగలేదు.

రెండు బస్సులు మారి వెళ్ళాను. దారంతా చేతులు పైట కింద దాచుకునే కూర్చున్నాను. టిక్కెట్టు తీసుకోవడానికి చెయ్యి బయట పెడితే కండక్టరు ఒకసారి చూసి టిక్కెట్టు చింపి ఇచ్చాడు. ఆసుపత్రిలో ఈయన మంచం మీద ఉన్నాడు, కళ్ళు సగం తెరిచే ఉన్నాయి, నన్ను ఎరగలేదు. నుదుటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. నా నల్ల చెయ్యి ఆయన నుదుటి మీద ఎవరిదో అన్నట్టుంది. పిలిచాను. ఆరలేదయ్యా, తడిగానే ఉన్నాది, నాను అబద్ధమాడినాను అని చెవిలో చెప్పాను. పక్క మంచం వాళ్ళు విన్నారు గానీ ఆయన విన్నాడో లేదో తెలియదు. మర్నాడు పొద్దెక్కాక పోయాడు. మెదడుకెక్కిన మలేరియా అన్నారు.

అక్కడ ఒక నర్సమ్మ ఉండేది. నేను తడి వల్లే అని అంటుంటే విందేమో, నన్ను పక్కకు తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. మీకు తెలియక బాధపడుతున్నారమ్మా అంది. తడికి ఈ జ్వరం రాదంది. దోమ కుట్టిన వెంటనే కూడా రాదంది. కుట్టాక పది పన్నెండు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, లోపలే ఉండి అప్పుడు పైకి వస్తుందంది. మీ ఆయన ఇక్కడికి వచ్చేటప్పటికే తెచ్చుకున్నాడు, మీ ఊళ్ళోనే కుట్టి ఉంటుంది, గోడలకు దోమల మందు కొడితే మరకలు పడ్డాయని మళ్ళీ పేడతో అలికేస్తారు కదా మీరు అని నెమ్మదిగా చివాట్లు కూడా పెట్టింది. మంచి మనిషి. నన్ను ఓదార్చాలనే చెప్పింది.

నేను వేళ్ళు ముడిచి లెక్కపెట్టాను. కుండ ఊరిన రోజులు ఎనిమిది. ముసురు మూడు. పొట్లాం రంగు వేసి చెడగొట్టుకున్న రోజు ఒకటి. దానికి ముందు మూడు సాయంత్రాలు గెడ్డ మడుగు. నీళ్ళు పారని చోటు, పొద్దు వాలే వేళ, ఎవరూ చూడకూడదని నేను ఎంచుకున్న చోటు. ఆయన భుజంతో మొహం తుడుచుకోవడం కళ్ళకు కట్టింది. నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని, ఇప్పుడు తేలిగ్గా ఉందా అంది. ఉందమ్మా అన్నాను. అది రెండో అబద్ధం.

పాతిపెట్టిన నాడు అందరూ నా చేతులే చూశారు. సబ్బుకు పోలేదు, నిమ్మకాయకు పోలేదు. చర్మం మీద నెలకు తగ్గింది. గోళ్ళలో మాత్రం అలాగే నిలిచి, గోరు పెరిగిన కొద్దీ ముందుకు జరిగింది. కత్తిరించిన ప్రతిసారీ నల్ల ముక్క రాలేది. ఆఖరి ముక్క రాలేటప్పటికి సంక్రాంతి కూడా వెళ్ళిపోయింది.

కారును ఆ మేనమామే వేరే డ్రైవరుతో తోలించుకుని తెచ్చి మా ఇంటి ముందు పెట్టాడు. అరుగు మీద కూర్చున్నాడు. తరవాత చెప్పాడు. పెళ్ళికూతురికి వాకిట్లో కాళ్ళు కడిగారట. తడి కాళ్ళతోనే ఎక్కిందట. చర్చి దగ్గర దిగినప్పుడు ముసలమ్మ చీర అంచు ఎత్తి మరీ అరికాళ్ళు చూసిందట. ఎక్కడా చుక్క నలుపు లేదట. మీ ఇంటామె చెయ్యి మంచిదయ్యా అని ఈయనతో ఆమే అందట. ఆ మాట కోసం నేను ఎన్ని చేశానో.

“ఇంకోటి సెప్పాలమ్మా,” అన్నాడు. “ఘాటు దిగినాక టీ కాడ ఆపినాడు. తలుపు తీసి, కార్పెట్టు కిందన సెయ్యెట్టి సూసి, పాత పేపర్లు కొని కిందన దోపినాడు. ఏటయ్యా, ఆరలేదా అన్నాను. నవ్వినాడు. మా ఇంటిది ఆరిందన్నాది, మీరు కూడా ఆరిందనే కూకోండి, ఎల్లినాక దానితో అనకండి, మూడ్రోజులు నిప్పుల కాడ కూకున్నాది అన్నాడు.”

ఆ మాట అని మేనమామ తల దించుకున్నాడు. రాత్రి చర్చి వరండాలో పడుకోమని పిలిచాం, రాలేదు, బండి తాళం సరిగా పడదు, పెళ్ళి పెట్టెలున్నాయి అన్నాడు అని కూడా చెప్పాడు. అది అడగకుండానే చెప్పాడు. ఆయనకూ ఏదో ఉండి ఉంటుంది లోపల.

వాళ్ళు వెళ్ళాక కారు తలుపు జరిపి, మెట్టు దగ్గర అంచు లేపి చెయ్యి పెట్టాను. పేపర్లు ఉన్నాయి. మడతలు మడతలుగా, మా ఆయన చెయ్యి అందినంత దూరం. తడికి మెత్తబడి, ఆ తరవాత ఎండి అట్టలా అయిపోయాయి. ఒకటి లాగితే అక్షరాలు కార్పెట్టు అడుగుకు అంటుకుని వచ్చాయి. నాకు చదవడం రాదు కదా, అయినా చూస్తూ కూర్చున్నాను.

ఆయన చెయ్యి పెట్టి చూశాడు. తెలుసుకున్నాడు. నా మీద కోపం రాలేదు. ఇది తలుచుకుంటే కొన్ని రోజులు మనసు తేలికగా ఉండేది. మళ్ళీ ఇంకో రోజు, తెలిసీ దాని మీదే పడుకున్నాడంటే, నా అబద్ధాన్ని నిలబెట్టడానికే పడుకున్నాడా అనిపించేది. అలా అటూ ఇటూ.

తరవాత కారు అమ్మేశాను. కొన్నవాడు కింద కార్పెట్టు లేదేమిటని అడిగాడు. ఎలుకలు కొరికేశాయన్నాను. అప్పటికి అబద్ధాలు అలవాటైపోయాయి. కార్పెట్టు ఇప్పుడు నా మంచం కింద చుట్టి ఉంది. నలుపు వదల్లేదు. కమిలిన మూల అలాగే ఉంది. ముసురు పట్టిన రోజు దాన్ని తీసి చెంపకు ఆనించి చూస్తాను. పొడిగా ఉంటుంది. ఎన్నో ఏళ్ళ నుంచి పొడిగానే ఉంది. అయినా చూస్తాను.

నా మేనకోడలు ఇందాకటి నుంచి ఆపి ఆపి అంటోంది, అత్తా, తడికి జ్వరం రాదు, నర్సమ్మ చెప్పింది నిజమే అని. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలుస్తుంది, తడి సంగతి వదిలేశానమ్మా అన్నాను. మరి గెడ్డ సంగతో అంటే తను ఏమీ అనలేదు. కాసేపు కలం పట్టుకుని ఊరుకుంది. రాయి, ఆ ఊరుకున్నది కూడా రాయి అన్నాను.

ఇన్నాళ్ళూ ఈ మాట నా ఒక్కదాని చెవిలోనే తిరిగింది. ఆయన అడిగిన తీరు, నేను చెప్పిన తీరు. తిరిగి తిరిగి అరిగిపోయింది. నేను నిజంగా అలాగే అన్నానా, బేగెల్లు అని కసిరానా, నెమ్మదిగా అన్నానా, అదే తెలియకుండా పోతోంది. ఇంకొకళ్ళ నోట వింటే తెలుస్తుందేమో. అందుకే ఆ రెండు ముక్కలూ అన్నిటికంటే ముందు పెట్టించాను.

“సదువమ్మా. పై నుంచి సదువు. ఆయన అడిగింది సదివి కూసింత ఆగు. అప్పుడు నాను సెప్పింది సదువు.”